బియ్యం డబ్బాలోని బెల్లుకు ఎన్ని మార్కులు?

పిల్లల కథల పోటీలు నిర్వహించే సాహిత్య సంస్థల పెద్దలకు, ఆ పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునే రచయితలకు, ఉపాధ్యాయులకు నమస్కారాలు.

నేను రచయిత్రిని కాను, విమర్శకురాలిని అంతకన్నా కాను. ఒక బీమా కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, పదవీ విరమణ చేసిన మనిషిని. చదవడం ఒక్కటే నాకున్న అర్హత. అందులోనూ పద్ధతంటూ ఏమీ లేదు. పిల్లల పుస్తకమా పెద్దల నవలా అని చూడకుండా చేతికందింది చదవడం, చదివాక మనసులో మెదిలింది ఒక నోటుబుక్కులో రెండు మూడు వాక్యాలుగా రాసి పెట్టుకోవడం కాలేజీ రోజుల నుంచీ నాకు అలవాటు. అలాంటి నోటుబుక్కులు ఇప్పటికి పదకొండు పోగుపడ్డాయి. ఎవరికీ చూపించడానికి రాసినవి కావు కాబట్టి వాటిలో అబద్ధాలు తక్కువ. ఈ లేఖ రాయడానికి కూర్చునే ముందు వాటన్నిటినీ ఒకసారి తిరగేశాను.

పోయిన ఏడాది మీలో ఒక సంస్థ వారు, పేరు అనవసరం, బాలల దినోత్సవానికి బడిపిల్లలకు కథల పోటీ పెట్టి, న్యాయనిర్ణేతలలో రచయితలతోపాటు ఒక మామూలు పాఠకురాలు కూడా ఉంటే బాగుంటుందని నన్ను పిలిచారు. ఆ ఆలోచన వచ్చినందుకు వారికి ఇప్పటికీ కృతజ్ఞురాలినే. ముగ్గురం కూర్చున్నాం. మా ముందు నూట పదహారు కథలు పెట్టి, ఒక్కో కథకు ఒక్కో మార్కుల కాగితం ఇచ్చారు. మొత్తం యాభై మార్కులు. భాషకు పది, ఊహకు పది, చేతిరాతకు ఐదు, నీతికి ఇరవై ఐదు. చివరి గడి చూసి అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదట, ఏటా అంతేనట.

ఆ నూట పదహారింటిలో ఒక కథ గురించి చెప్పాలి. రాసింది ఆరో తరగతి పిల్ల. కథ పేరు 'మా తాతయ్య సైకిల్'. తాతయ్య చనిపోయాడు. ఆయన సైకిల్ వసారాలో గోడకు ఆనించి ఉంది. సాయంత్రం ఐదింటికి, ఆయన పాలకేంద్రానికి బయలుదేరే వేళకు, వాళ్ళ కుక్క వచ్చి ఆ సైకిల్ పక్కన కూర్చుంటుంది. కొన్నాళ్ళకు బాబాయి ఆ సైకిల్‌ని పాత ఇనుప సామాన్లు కొనేవాడికి బేరం పెట్టాడు. వాడు మర్నాడు బండి తెస్తానన్నాడు. ఆ రాత్రి పిల్ల లేచి, స్పానరు దొరక్క, అట్లకాడ కొనతో తిప్పి తిప్పి సైకిల్ బెల్లు ఊడదీసింది. ఎక్కడ దాచాలో తోచక బియ్యం డబ్బాలో అడుగుకంటా దూర్చింది. రెండు రోజులకు అమ్మ అన్నానికి బియ్యం తీస్తుంటే సోలకు బెల్లు తగిలి ఖణేల్మంది. అమ్మ దాన్ని బయటికి తీసి, కొంగుతో తుడిచి, పిల్ల వైపు చూసి, మళ్ళీ డబ్బాలోనే పెట్టి పైన బియ్యం కప్పింది. కథ అక్కడితో అయిపోయింది. ఒకటిన్నర పేజీ.

నేను ఆ కాగితాలు పట్టుకుని కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మా నాన్న పోయిన తరువాత ఆయన కళ్ళజోడు పెట్టెను నేను ఎక్కడ దాచానో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కూడా అదే కథ చదివారు. చదివి, నిజంగా మంచి మనసుతోనే, "కథ బాగానే ఉందిగానీ దొంగతనం నేర్పుతోంది కదండీ, పైగా తల్లి కూడా వంత పాడుతోంది" అన్నారు. నీతి గడిలో సున్నా వేశారు. మూడో న్యాయనిర్ణేత కొంత జాలిపడి ఇరవై ఐదుకు నాలుగు వేశారు. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. లెక్కలు కూడేటప్పుడు ఖాళీ గడినీ సున్నాగానే తీసుకున్నారని తరువాత తెలిసింది. మొదటి బహుమతి, చెట్లు నరికిన రాజుకు వనదేవత బుద్ధి చెప్పిన కథకు వెళ్ళింది. ఆ కథ మీద నాకు కోపం లేదు. కానీ అలాంటి కథలే మరో ఇరవై మూడు ఉన్నాయి. వనదేవత బదులు కొన్నిటిలో ముని, కొన్నిటిలో మాట్లాడే చిలుక, అంతే తేడా. ఒక పిల్లవాడైతే కాగితం నెత్తిమీదే 'నీతి: ఐకమత్యమే మహాబలం' అని రాసుకుని, దాని కింద కథ మొదలుపెట్టి, గంట కొట్టేసరికి నాలుగు వాక్యాల దగ్గర ఆపేశాడు. ఆ లేని కథకు నీతి కింద పద్దెనిమిది మార్కులు వచ్చాయి.

దీనిని నేను పిల్లల తప్పుగా చూడడం లేదు. మనం దేనికి మార్కులు వేస్తామో పిల్లలు దానినే రాస్తారు. నేను అడగదలుచుకున్నది ఒక్కటే: కథకు వెల కట్టే గడిగా నీతిని ఎందుకు పెట్టాం? అసలు కథ చదివిన మనిషిలో ఏం జరుగుతుంది? దీనికి నా దగ్గర సిద్ధాంతాలు లేవు, పదకొండు నోటుబుక్కులు ఉన్నాయి.

వాటికంటే ముందు మా నాయనమ్మ ఉంది. తెనాలికి నాలుగు కోసుల దూరంలోని మా ఊళ్ళో, వేసవి రాత్రుళ్ళు ఆరుబయట నులక మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు, ఆవిడ మాకు ఏడు చేపల కథ లెక్కలేనన్నిసార్లు చెప్పి ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపను అడిగితే గడ్డిమోపు అడ్డొచ్చిందంది. గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదంది. అలా ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు, చివరికి చీమ. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని నాయనమ్మ అనడం, నా అరికాలిలో గిల్లడం, మేమందరం కిలకిలా నవ్వడం. ఐదేళ్ళ వయసులో ఆ కథలో నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరు. ఎండని ఆ చేప బతికే ఉందా? మిగతా ఆరూ ఎండిపోతే దానికి ఏడుపు రాదా? నాయనమ్మను అడిగితే "అది నువ్వే అడుగు, రేపు చెరువు కాడికి పోతావుగా" అంది. మర్నాడు నిజంగానే చెరువుగట్టున కూర్చుని అడిగాను.

ఆ కథ నాలో అలాగే పడి ఉంది. పాతికేళ్ళ తరువాత మా కార్యాలయంలో ఒక విధవరాలి క్లెయిము పదకొండు నెలలుగా ఎందుకు తేలలేదో కనుక్కోమని నాకు ఫైలు ఇచ్చారు. నా ముందు సెక్షన్‌ను అడిగితే వైద్యుడి పత్రం రాలేదన్నారు. వైద్యుడు ఆసుపత్రి రికార్డు రాలేదన్నాడు. రికార్డు గదిలో గుమాస్తా సెలవు అన్నారు. గుమాస్తా ఎందుకు రాలేదంటే అతని బిడ్డకు జ్వరం. ఫైలులోని ఉత్తరాలన్నీ వరసగా చదువుతూ ఉన్నట్టుండి ఫక్కున నవ్వాను. ఇది నాయనమ్మ కథే. కానీ వెంటనే నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఈసారి ఎండని చేప ఎవరో నాకు స్పష్టంగా కనబడింది. ఆ రోజు నోటుబుక్కులో 'చేప సంతకం పెట్టలేక వేలిముద్ర వేసింది' అని రాసుకున్నాను. ఆ కథలో నీతి ఏమిటని ఐదేళ్ళప్పుడు ఎవరైనా నన్ను నిలదీసి, 'ఒకరి తప్పు మరొకరి మీదికి నెట్టరాదు' అని అప్పజెప్పించి ఉంటే, ఆ వాక్యం మాత్రమే మిగిలి చేప పోయేదని నా నమ్మకం.

చందమామ సంగతి చెప్పకుండా నా తరం పాఠకులెవరూ ఈ విషయం మాట్లాడలేరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక మా ఇంటికి చాలా ఏళ్ళు వచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు నేను భయం కోసం చదివాను. వాటిలో ఒకటైన శిథిలాలయం వచ్చిన పాత సంచికలు బైండు చేసినవి మా మేనమామ ఇంట్లో ఉండేవి. చిత్రా గారి బొమ్మలు చూడాలనిపించేది, చూస్తే నిద్రపట్టేది కాదు. నాకు ఆ భయం చాలు, అంతకంటే ఇంకేమీ నేను కోరలేదు.

బేతాళ కథల దారి వేరు. ప్రతి నెలా ఆ కథ చివర ఒక ప్రశ్న ఉండేది, కానీ అది మీ మార్కుల కాగితంలోని ప్రశ్న లాంటిది కాదు. తెలిసి కూడా సమాధానం చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. నేనూ మా అన్నయ్యా విక్రమార్కుడి జవాబు కనబడకుండా అరచేత్తో మూసిపెట్టి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. చెయ్యి తీశాక రాజు చెప్పింది మాలో ఎవరికీ నచ్చకపోతే, ఇద్దరం కలిసి రాజుతో వాదించేవాళ్ళం. పాత బేతాళ పంచవింశతిలో మందారవతి కథ మీకు తెలిసే ఉంటుంది. ముగ్గురు వరులు ఉండగా ఆ పిల్ల చనిపోతుంది. ఒకడు ఆమె చితాభస్మం మీదే పడుకుంటాడు, ఒకడు ఆమె ఎముకలను గంగలో కలపడానికి తీసుకువెళ్తాడు, మూడోవాడు దేశాలు తిరిగి బతికించే మంత్రం తెస్తాడు. ఆమె బతికింది, ఇప్పుడు ఎవరి భార్య? బతికించినవాడు తండ్రితో సమానం, ఎముకలు గంగకు చేర్చినవాడు కొడుకుతో సమానం, బూడిదను కావలించుకుని పడుకున్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. చిన్నప్పుడు నాకు ఇది ఘోరమైన అన్యాయంగా తోచింది. అంత కష్టపడి మంత్రం తెచ్చినవాడికి ఏమీ లేదా అని అన్నయ్యతో పోట్లాడాను. నా పెళ్ళైన కొత్తల్లో మళ్ళీ చదివినప్పుడు రాజు చెప్పిందే నిజమనిపించింది. నలభై రెండో ఏట మూడోసారి చదివి నోటుబుక్కులో ఒకే వాక్యం రాశాను: 'లేచి కూర్చున్న పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.' కథ అదే, అక్షరం మారలేదు. మూడు వయసులలో మూడు రకాలుగా తగిలింది. ఇందులో దేనికి ఇరవై ఐదు మార్కులు వేయమంటారు?

ఇక్కడ ఒక సంగతి మీ దృష్టికి తేవాలి. 1952 నుంచి 1980లో తాను కన్నుమూసేదాకా చందమామను నడిపిన సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు గారే 'చదువు' నవల రాసిన మనిషి. మా తెనాలి ప్రాంతపు మనిషే అని చెప్పుకోవడంలో నాకు కొంచెం అతిశయం ఉంది, క్షమించండి. పత్రికలో నెల నెలా రాక్షసులను, రాకుమారులను నడిపించిన చేత్తోనే, సుందరం అనే ఒక మామూలు కుర్రవాడి చదువు చుట్టూ ఒక కాలపు కుటుంబాలను, ఊళ్ళను, ఉద్యమాలను చుట్టి నవల రాశారు. డిగ్రీ చదివేటప్పుడు అది చదువుతుంటే ఈ గొంతు నాకు ఎక్కడో తెలుసే అనిపించి సగం దాకా సతమతమయ్యాను. పొట్టి వాక్యాలు. అనవసరమైన విశేషణాలు లేవు. పాత్ర తప్పు చేస్తే రచయిత పక్కన నిలబడి వేలు చూపించడు. అది చందమామ గొంతే. పిల్లలకు ఒక గొంతు, పెద్దలకు ఒక గొంతు ఆయనకు లేవు. పిల్లల ముందు పీట వేసుకుని కూర్చుని బోధించవలసిన అవసరం ఆయనకు కనబడలేదు. మనకు మాత్రం ఎందుకు కనబడుతోంది?

మీరు పంచతంత్రాన్ని చూపిస్తారని నాకు తెలుసు. ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన కూడా చూపించారు. తెలుగులో పిల్లల కథ నీతి కథగానే మొదలైందని, చిన్నయసూరి గారు 1853లో అచ్చువేసిన పుస్తకం పేరే నీతిచంద్రిక అని అన్నారు. నిజమే. ఇంటికి వచ్చి నీతిచంద్రిక తీసి, అందులో పంచతంత్రం నుంచి వచ్చిన మిత్రభేదం మళ్ళీ చదివాను. సింహానికీ ఎద్దుకూ కుదిరిన స్నేహాన్ని దమనకుడనే నక్క చాడీలతో విడగొడుతుంది. సింహం పింగళకుడు తన మిత్రుడైన ఎద్దు సంజీవకుణ్ణి తన చేతులతోనే చంపుతాడు. నక్కకు శిక్ష పడదు, పదవి దక్కుతుంది. అది రాజకుమారులకు రాజ్యం నడిపే తెలివి నేర్పడానికి చెప్పిన కథ. అందులోని నీతి రాజనీతి. దానికీ మన 'సదా సత్యమునే పలుకవలెను'కూ మధ్య ఆమడ దూరం ఉంది. మీ కాగితం ప్రకారం విష్ణుశర్మకు నీతి కింద సున్నా వస్తుంది, కన్సొలేషన్ బహుమతి కూడా రాదు.

పెద్దల నవలలకు మనం ఈ గడి ఎందుకు పెట్టడం లేదో కూడా ఆలోచించాను. పెట్టి చూద్దాం. డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' 1950ల చివర తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ తరువాత 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకు ఆధారమైన నవల. ఆ సినిమా చూసి నవల తెలుసుననుకునేవారు నవల చదవాలి. అందులో ఇందిర త్యాగం చేయదు. తనకు కావలసింది తనకు కావాలంటుంది, అబద్ధాలాడుతుంది, మనుషులను వాడుకుంటుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి చదివినపుడు నాకు ఇందిర అంటే ఒళ్ళుమంట. కల్యాణి మంచితనానికి కన్నీళ్ళు పెట్టుకున్నాను. 'ఇందిర లాంటి స్నేహితురాలు శత్రువుకు కూడా వద్దు' అని నా మొదటి నోటుబుక్కులో, ఎర్రసిరాతో గీత కొట్టి మరీ, రాసి ఉంది. ముప్పై మూడేళ్ళప్పుడు, ఇద్దరు పిల్లలు, మంచంపట్టిన అత్తగారు, ఎనిమిదీ నలభై ప్యాసింజరు, ఇన్నిటి మధ్య మళ్ళీ చదివాను. చూపులేని తండ్రిని నెత్తిన పెట్టుకుని, తనకంటూ ఎవరూ తెచ్చిపెట్టని బతుకులో ఆ పిల్ల నిలబడిన తీరు అప్పుడు కనబడింది. పై వాక్యం కింద 'అప్పుడు నాకేమీ తెలియదు' అని రాశాను. యాభై దాటాక మూడోసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఇందిర కాదు, ప్రకాశం. చెడ్డవాడు కాదు, ఎవరికీ కీడు తలపెట్టడు, కానీ ఒక నిర్ణయం తీసుకోవలసివచ్చిన ప్రతిసారీ జారిపోతాడు. అలాంటివారిని జీవితంలో ఎందరిని చూశానో, నేను స్వయంగా ఎన్నిసార్లు అలా జారిపోయానో ఆ మధ్యాహ్నం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ నవల రాసిన శ్రీదేవి గారు 1961లోనే, చాలా చిన్న వయసులో వెళ్ళిపోయారు. ఇందిరకు శిక్ష వేసి, కల్యాణికి పూలదండ వేసి ముగించమని ఆమెను ఎవరూ మార్కులతో బెదిరించనందుకు సంతోషిస్తాను.

బుచ్చిబాబు గారి నవల పేరే ప్రశ్న లాంటిది, 'చివరకు మిగిలేది'. దానికి కథానాయకుడు దయానిధి వెతుక్కున్న సమాధానంతో నేను ఏకీభవించానా లేదా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. ఇరవైల్లో అందులో కోమలి, అమృతం మాత్రమే కనబడ్డారు. మా అమ్మ గురించి ఊళ్ళో ఎవరో ఏదో అన్నారని విన్న ఏడాది మళ్ళీ చదివితే, తల్లి మీద పడ్డ నింద కొడుకును జీవితాంతం ఎలా వెంటాడుతుందో చూసి పుస్తకం మధ్యలో మూసేశాను. మూడు వారాలు తెరవలేదు. అలా మూసేయడం కూడా పాఠకుల స్పందనే. ఏ మార్కుల కాగితంలోనూ దానికి గడి ఉండదు.

పిల్లలు, పెద్దలు ఒకే పుస్తకాన్ని వేరువేరుగా చదువుతారని ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు నాకు నేర్పింది. తొమ్మిదేళ్ళప్పుడు చదివితే నాకు నవ్వు రాలేదు. బుడుగు చెప్పేవన్నీ న్యాయంగానే ఉన్నాయి, పెద్దవాళ్ళే అర్థంపర్థం లేకుండా మాట్లాడుతున్నారు, ఇందులో నవ్వడానికి ఏముంది? మా అమ్మ అదే పుస్తకం చదువుతూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతుంటే నాకు అవమానంగా అనిపించింది కూడా. నా పిల్లలు పుట్టాక నేనూ అలాగే నవ్వాను. ఈ మధ్య నా మనవరాలికి 'రైలుబడి' చదివి వినిపించాను. అది తొత్తోచాన్ అనే జపాన్ పిల్ల బడి కథ. అల్లరి చేస్తోందని ఒక బడి నుంచి పంపించేసిన పిల్లను కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి గారు ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు తోచింది చెప్పు అని, నాలుగు గంటలపాటు ఆవులించకుండా వింటారు. అక్కడ నా గొంతు పట్టేసింది. నా జీవితంలో నన్ను అలా నాలుగు గంటలు విన్నవారు ఎవరా అని వెతుక్కుంటున్నాను. మనవరాలు నా వైపు చూసి, "అమ్మమ్మా, ఆ సార్‌కి ఆకలెయ్యలేదా?" అంది. ఇద్దరం చదివింది ఒకటే పేజీ.

కనుక నా విన్నపం ఇది. నీతి గడి తీసేయండి. సందేశం, విలువలు, బోధనాంశం వంటి మరో పేరుతో అదే గడిని వెనక తలుపు నుంచి తేవద్దు. దాని స్థానంలో ఏమైనా పెట్టాలనిపిస్తే, 'ఈ కథలో మీరు ఎక్కడ ఆగారు?' అని న్యాయనిర్ణేతను అడగండి. ఎక్కడా ఆగకపోతే ఆ మాటే రాస్తారు, ఆగితే ఆ చోటు చెబుతారు. మార్కులు లేకుండా బహుమతి ఎలా ఇస్తామంటారా? ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని ఇవ్వండి. పెళ్ళిచూపుల్లో మార్కులు వేసుకోకుండానే సంబంధాలు కుదురుతున్నాయి. న్యాయనిర్ణేతలలో కనీసం ఒకరు పిల్లలలోంచి ఉండాలి. పదేళ్ళ పిల్ల రాసిన కథ మరో పదేళ్ళ పిల్లకు ఎలా తగిలిందో తెలుసుకోకుండా అరవై దాటిన ముగ్గురం కూర్చుని తీర్పు చెప్పడం, మందారవతిని అడగకుండా ఆమె పెళ్ళి తేల్చడం లాంటిదే.

భాష గడి గురించి కూడా ఒక మాట. సైకిల్ కథలో ఆ పిల్ల 'డేకిసా' అని రాసింది. ఆ మాటను ఎర్రసిరాతో కొట్టి పైన 'పాత్ర' అని ఎవరో దిద్దారు. వాళ్ళింట్లో పాత్రలు లేవండీ, డేకిసాలే ఉన్నాయి. నామిని సుబ్రమణ్యం నాయుడు గారు చిత్తూరు జిల్లా పిల్లవాడి నోట చిత్తూరు జిల్లా మాటే పలికించబట్టి కదా మనం ఆ కథలను ఇప్పటికీ తలుచుకుంటున్నాం! ఈ విషయం మీద నాకు ఇంకా చాలా ఉందిగానీ, అది మరో లేఖకు సరిపోతుంది.

నీతి లేకపోతే పిల్లలు పాడైపోతారని భయపడే తల్లిదండ్రులు మిమ్మల్ని తప్పుబడతారన్న సంగతి నాకు తెలియకపోలేదు. నేనూ తల్లినే, అబద్ధమాడితే నా పిల్లల వీపు చరిచినదాన్నే. అబద్ధమాడవద్దని చెప్పదలుచుకుంటే ఆ మాటే చెప్పాను, దానికోసం ఒక కుందేలును, ఒక తాబేలును శ్రమపెట్టలేదు. కథ చెప్పినప్పుడు మాత్రం కథే చెప్పాను. ఆ సైకిల్ కథ చదివిన ఏ పిల్లవాడూ మర్నాడు వెళ్ళి ఎవరి బెల్లూ ఊడదీయడు. బహుశా వాళ్ళింట్లో గోడకు ఆనించి ఉన్నదాని వైపు ఒకసారి చూస్తాడు.

ఈ ఏడాది పోటీకి కూడా నాకు ఆహ్వానం అందింది. దానితోపాటు మార్కుల కాగితం నమూనా జత చేశారు. చేతిరాతకు ఐదు తీసేశారు, మంచి పని. నీతికి ముప్పై చేశారు. నా అంగీకారాన్ని నెలాఖరులోగా తెలియజేయమన్నారు. ఆ గడి ఉన్నంతకాలం నేను రాలేను. తీసేస్తే ఆటో ఖర్చులు కూడా అడగకుండా వస్తాను.

చివరిగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోటీకి వచ్చిన కాగితాల మీద న్యాయనిర్ణేతలు ఏమీ రాయకూడదన్నది మీ నియమం. 'మా తాతయ్య సైకిల్' రెండో కాగితం వెనకవైపు నేను పెన్సిలుతో ఒక వాక్యం రాశాను. అమ్మ మళ్ళీ బియ్యం కప్పిన చోట రెండుసార్లు ఆగానని. ఆ కాగితాలు మీ బీరువాలో ఇంకా ఉంటే, బడి చిరునామా దరఖాస్తు మీద ఉంటుంది, దయచేసి ఆ పిల్లకు పంపించండి. తపాలా ఖర్చు నేను పెట్టుకుంటాను.

నమస్కారాలతో,
ఒక పాఠకురాలు